ఉత్తకట్ట

పోయిన నెలలో ఒకరోజు పొద్దున జనగామలోని మా ఇంటికి నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి ఒకతె వెతుక్కుంటూ వచ్చింది. ఆ శాఖలో నా కొలువు ముగిసి చాలా ఏళ్లయింది కాబట్టి ఆఫీసు వాళ్లెవరైనా గడప తొక్కితే నా పింఛను కాగితాల్లో ఏదో మెలిక పడిందని నాకు ముందు భయమే పుడుతుంది. అలాంటిదేమీ కాదట. కేసముద్రం నుంచి బయ్యారం దిక్కు పోయే బాటలో ఒక వాగు మీద చిన్న మట్టికట్ట ఉందట, అది పాడుపడిందట, బాగుచేద్దామంటే దాని నకశాలు ఏ బీరువాలోనూ దొరకడం లేదట, తూము ఎక్కడుందో తెలిసిన మనిషి నేనొక్కడినే మిగిలానని ఎవరో చెప్పారట. నాకు చాయ కూడా చల్లారిపోయేంత హుషారు పుట్టి, కట్ట పొడవెంత, ఎత్తెంత, కడుపులో ఏ మట్టి పోశాం, పైన ఏ మట్టి కప్పాం, తూము గొట్టం ఏ చింతచెట్టుకు ఎన్ని అడుగుల దూరంలో ఉంటుంది, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి అంతా ఫోనులో ఎక్కించుకుని, ఇంకేమైనా ఉందా సార్ అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను.

ఉంది. ఆ కట్టకు కాపలాగా ఉన్న మనిషి తన పని పోగొట్టుకున్నది నా వల్ల. ఆయన మా మేనత్త భర్త, నాకు మామ. తప్పు నాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, శాఖ కాగితాల్లో మాత్రం ఆయనదని ఉంది. ఆ కాగితాలను కూడా ఈపాటికి చెదలు తినే ఉంటాయి కాబట్టి ఇప్పుడు నేను రాసినా రాయకపోయినా ఎవరికీ పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అయినా, నా ఈడు వాళ్లు నలుగురైనా చదువుతారు కదా అని రాస్తున్నాను.

మా ఊరు ఘనపూర్ దిక్కు. అప్పట్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అని వేరువేరు జిల్లాలు లేవు, అంతా ఒకటే జిల్లా, ఒకటే కచేరీ. మా నాయిన చెల్లెలిని అంత దూరం, బయ్యారం దిక్కుకు, ఎందుకిచ్చారో నాకు తెలియదు గానీ, అత్త ఊరు చూస్తే మాత్రం ఎవరికైనా జాలి పుట్టేది. గుట్టల కింద, వాగు ఒడ్డున, పళ్లెం అడుగులాగా పల్లంలో ఉండేది. ఆ వాగు ఏడాదిలో పది నెలలు ఇసుకే. మిగిలిన రెండు నెలల్లో గుట్టల మీద ఒక గట్టి వాన పడిందంటే ఎర్రటి నీళ్లు ఇళ్ల మీదికి వచ్చేవి. అందరూ పిల్లలనూ మేకలనూ చంకనేసుకుని మిట్టన ఉన్న బడికి ఎక్కేవారు, నీళ్లు తీశాక దిగి నానిన గోడలను మళ్లీ మెత్తుకునేవారు. అత్త పెళ్లయిన పాతికేళ్లలో వంటింటి గోడను ఎన్నిసార్లు లేపిందో ఆమెకే లెక్క తెలియదు. మట్టి పిసకడంలో ఆ ఊరి ఆడవాళ్లను మించినవాళ్లు లేరని మా నాయిన అనేవాడు, అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఎవరికీ తెలిసేది కాదు.

అందుకని ఊరికి పైన, రెండు గుట్టలు దగ్గరగా వచ్చినచోట, వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట వేయాలని సర్కారు తలపెట్టింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, కేసముద్రం ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా కొత్తగా చేరాను. ఈ కట్ట అన్ని కట్టల్లాంటిది కాదు. దీని పని నీళ్లు నిలబెట్టడం కాదు, వరదను కాసేపు పట్టి ఉంచి, అడుగునున్న తూము గుండా కొద్దికొద్దిగా వాగులోకి వదిలేయడం. వాన వెలిసిన రెండు మూడు రోజులకల్లా అది మళ్లీ ఎండిపోవాలి, ఎందుకంటే తర్వాతి వరదకు చోటుండాలి. కోస్తా నుంచి వచ్చిన మా పై అధికారి దీన్ని ఊళ్లోవాళ్లకు నాలుగుసార్లు విడమరిచి చెప్పాడు. ఖాళీగా ఉండటమే దీని ఉద్యోగమయ్యా, అనేవాడు. ఊళ్లోవాళ్లు తలలూపేవారు, ఆయన జీపెక్కగానే ఆయన యాసను ఒకరు, మన యాసకు ఆయన నవ్విన తీరును ఇంకొకరు అనుకరించి చూపేవారు.

తలలూపారే గానీ ఎవరి మనసుకూ అది ఎక్కలేదు. ఎక్కదు కూడా. మాది చెరువుల సీమ. కట్ట అంటే దాని వెనక నీళ్లుండాలి, నీళ్లుంటే కింద వరి ఉండాలి, చేపలుండాలి, నిండి పొంగిన నీళ్లు మత్తడి దూకుతుంటే పిల్లాపెద్దా చూడబోవాలి. చెరువు నిండిన ఏడు ఊరికి కళ, ఎండిన ఏడు ఊరికి అరిష్టం. అటువంటి మనుషుల మధ్య అంత పెద్ద కట్ట పోసి, దాన్ని ఎండబెట్టడమే పని అంటే, అన్నం వండి కుక్కకు కూడా వేయొద్దన్నట్టు వినిపించింది వాళ్లకు. కట్ట పూర్తికాకముందే దానికి ఉత్తకట్ట అని పేరు పెట్టారు. ఉత్త చేతులు, ఉత్త మాటలు అన్నట్టుగా ఉత్త కట్ట. కాగితాల్లో దానికి పొడుగాటి పేరొకటి ఉండేది, ఆ పేరుతో దాన్ని పిలిచిన మనిషిని నేను చూడలేదు.

మట్టిపని జరిగిన ఆ ఎండాకాలం నాకు బాగా గుర్తు. కట్ట కడుపులో నల్లటి బంకమట్టి, దానికి రెండు పక్కలా ఎర్ర మొరం, జానెడు పొర పోయడం, నీళ్లు చల్లడం, రోలరుతో తొక్కించడం, మళ్లీ జానెడు పొర. మట్టిలో తడి సరిపోయిందా లేదా చూడటానికి ఆఫీసు వాళ్లు నాకొక పరికరం ఇచ్చారు గానీ నేను దాన్ని పెట్టెలోంచి రెండుసార్లకు మించి తీయలేదు, ఎందుకంటే అక్కడ మేస్త్రీగా ఉన్నది మా మామ. ఆయన గుప్పెడు మట్టి తీసుకుని ముద్ద చేసి నడుముల ఎత్తు నుంచి జారవిడిచేవాడు. పొడిపొడి అయితే తడి చాలలేదని, నేలకు అతుక్కుంటే ఎక్కువైందని, రెండు ముక్కలై ఊరుకుంటే సరిగ్గా ఉందని. ఆయన సరే అన్న పొర మీదనే రోలరు నడిచేది. మాటలు తక్కువ మనిషి. తట్టలు మోసే ఆడవాళ్లు ఆయన్ను ఎంత ఆటపట్టించినా మీసం కింద ఒక నవ్వు నవ్వేవాడు, అంతే.

కట్ట పూర్తయ్యాక కాపలా పని ఆయనకే ఇచ్చారు. నేను ఇప్పించానని ఊళ్లో అనుకున్నారు, కొంతవరకు నిజమే. తూముకు ఒక ఇనుప తలుపు ఉండేది, పైనున్న చక్రం తిప్పితే లేచేది, దిగేది. దాన్ని ఎప్పుడూ ఎత్తే ఉంచాలి, కింద వాగు మరీ పొంగినప్పుడు మాత్రం కాసేపు దించవచ్చు. మామ ఆ చక్రానికి వారం వారం ఆముదం రాసేవాడు. గుట్టలోంచి దిగే మేకలను కట్ట మీద నడవనిచ్చేవాడు కాదు, ఎలుక బొక్క కనిపిస్తే రాయి, మట్టి కూరి కాలితో తొక్కేవాడు. అది ఆయనకు పుట్టి బుద్ధెరిగిన తర్వాత దొరికిన మొదటి సర్కారు పని, సొంత భూమి లేని ఆయనకు నెలనెలా గింజలు ఇంటికి తెచ్చే పని. ఊళ్లో కుర్రకారు మాత్రం ఊరుకునేవారా? ఏంది మామా, గాలికి కావలి ఉంటున్నవా, గాలి ఎత్కపోతరా ఎవలన్న, అని ఎగతాళి చేసేవారు. ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకునేదని అత్త ఒకసారి నాతో అంది.

మొదటి రెండు వానాకాలాలు కట్ట తన పని తాను చేసింది. రెండుసార్లు పెద్ద వరద వచ్చింది, కట్ట వెనక తాటిచెట్టు మొదలు మునిగేదాకా నీళ్లు లేచాయి, మూడోరోజుకు దిగిపోయాయి. ఊళ్లోకి చుక్క రాలేదు. అత్త వంటింటి గోడ రెండేళ్లు వరుసగా నిలబడింది. చిత్రమేమిటంటే, గోడలు నిలబడేసరికి వరద సంగతే మరిచిపోయారు జనం. వాళ్లకు కనిపించిందల్లా, కళ్లముందు కట్ట నిండా నీళ్లు వచ్చి, ఎవరికీ పనికిరాకుండా వాగు పాలయ్యాయని.

మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. మిరుగు కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, ఒక్క వాన పడి అందరూ నార్లు పోసుకున్న తర్వాత మబ్బు మాయమైంది. నారుమళ్లు అంచుల నుంచి ఎర్రబారడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే గుట్టల మీద ఒక వాన కొట్టి కట్ట వెనకకు నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు మూడురోజుల్లో ఎదురుగా పారి పోతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరి తరమవుతుంది? ఊళ్లో పెద్దమనుషులంతా మామ దగ్గరికి వెళ్లారట. తలుపు పదిరోజులు దించు, నీళ్లు తోడుకుంటం, నాట్లు పడంగనే ఎత్తుదాం, అన్నారట. ఆయన మొదట ఒప్పుకోలేదు. అల్లునికి, అంటే నాకు, చెప్పి, నేను సరే అంటే చూద్దాం అన్నాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. నా జవాబు వచ్చేదాకా నీళ్లు పోకుండా తలుపు మాత్రం దించారు, నాకు చెప్పే పని అత్త మీద పెట్టారు.

వారానికొకసారి సైకిల్ మీద ఆ కట్ట దాకా పోయి, నీళ్లున్నాయా లేవా, తలుపు ఎత్తి ఉందా లేదా చూసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టడం నా పని. ఆ బాట ఎండిపోతే గతుకులు, తడిస్తే బంక. సగం దూరం నేను సైకిల్ మీద పోతే సగం దూరం సైకిల్ నా మీద వచ్చేది. ఆ వారం ఎందుకో కాలు కదలలేదు. జ్వరం లేదు, జలుబు లేదు, ఇంకో పని లేదు. బద్ధకం, అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటుండగానే కేసముద్రం అంగడి రోజు వచ్చింది, అంగట్లో అత్త ఎదురైంది.

రెండు కోడిపుంజులను అమ్ముకుని, నెత్తిన గంపతో బస్సు కోసం పరుగు మీద ఉంది. చుట్టూ లారీల మోత, హమాలీల కేకలు. నేను అడ్డం పోయి, కట్ట వెనక నీళ్ల సంగతేందత్తా అని అరిచాను. ఆమె నడక ఆపకుండానే మొహమంతా నవ్వు చేసుకుని, "నిండుకున్నయి బిడ్డా" అంది. "మంచిది అత్తా, మంచిదే" అన్నాను. బస్సు కదిలింది, ఆమె ఎక్కింది. అంతే మా మధ్య జరిగిన మాట.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా ఇళ్లలో ఆడవాళ్లు లేదు అనే మాట నోట పలికేవారు కారు. కుండలో బియ్యం అయిపోతే నిండుకున్నాయనేవారు, నూనె అయిపోతే నిండుకుందనేవారు. గాజు పగిలితే పెరిగిందనేవారు, దీపం ఆరితే కొండెక్కిందనేవారు. లేదంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. మా అత్త ఈ పట్టింపులో అందరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, బెల్లం నిండుకుందిరా అని ఆమె అన్నప్పుడల్లా నేను ఆశగా డబ్బా మూత తీసి చూసి, అడుగు కనిపించి ఏడ్చిన రోజులున్నాయి. అలా బుద్ధి తెచ్చుకున్న వాణ్ణి. కాబట్టి నీళ్లు నిండుకున్నయి అనగానే, కట్ట ఎండిపోయిందని నాకు అర్థమైంది. ఉత్తకట్ట గురించి కాబట్టి అదే సబబు కూడా. పల్లెలో నిండా నీళ్లున్న చెరువును చూసి కూడా నిండుకుందనే అంటారు కదా అన్న ఆలోచన నాకు రాలేదు. ఆమె నోట రెండింటికీ అదే మాట. ఎండిన కట్ట గురించి చెప్పే మనిషి అంతగా ఎందుకు నవ్వుతుందని కూడా నాకు తోచలేదు. నన్ను చూసిన సంతోషం అనుకున్నాను.

మరునాడు ఆఫీసులో కూర్చుని రిజిస్టరు తీశాను. కట్ట పరిశీలించడమైనది, నీరు లేదు అని రాశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, అందుకని తూము తలుపు పూర్తిగా ఎత్తి ఉన్నది, చక్రం సవ్యంగా తిరుగుచున్నది అని కూడా చేర్చి, నా అందమైన సంతకం గీశాను. అటువైపు మా అత్త ఇంటికి పోయి, అల్లునికి చెప్పిన, మంచిదే అన్నడు అని చెప్పింది. మామ నిశ్చింతగా తలుపు అలాగే ఉంచాడు.

అంగడి జరిగిన నాలుగోరోజు తెల్లవారుజామున వాన పట్టుకుంది. కేసముద్రంలో కూడా ఆకాశం చిల్లుపడ్డట్టే ఉంది గానీ నాకు ఏ చింతా లేదు, కట్ట ఖాళీగా ఉంది కదా, ఎంత వరదైనా పడుతుంది. పదింటికి కబురు వచ్చింది, ఉత్తకట్టకు గండి పడిందని. మా అధికారి జీపులో నన్ను ఎక్కించుకున్నాడు. దారంతా ఆయన ఒక్కటే మాట, ఖాళీ కట్టకు గండి ఎలా పడుతుందయ్యా, ఎలా పడుతుంది? నాకూ అదే ఆశ్చర్యం. రిజిస్టరు నా ఒళ్లోనే ఉంది.

జరిగింది ఇది. అప్పటికే నీళ్లు మత్తడి అంచుదాకా ఉన్నాయి. గుట్టల మీద వాన మొదలవగానే మామ పరుగున పోయి తలుపు ఎత్తబోయాడు. నీళ్ల బరువుకు అది ఒరుసుకుపోయి జానెడు లేచి ఆగిపోయింది. ఊళ్లో మగవాళ్లంతా వచ్చి చక్రానికి గుంజ కట్టి తిప్పారు, చక్రం వంగింది గానీ తలుపు కదల్లేదు. మత్తడి మీదుగా పోయే నీళ్లకన్నా వచ్చే నీళ్లు ఎక్కువయ్యాయి. మామ ఒకణ్ణి ఊళ్లోకి ఉరికించి, అందరినీ బడికి ఎక్కించమని అత్తకు చెప్పించాడు. అత్త ఇల్లిల్లూ తలుపులు కొట్టి, ముసలివాళ్లను రెక్కలు పట్టి లేపి, బడి మెట్లు ఎక్కించింది. ఎవరికీ నడుం విరగకుండా, కాలు జారకుండా అందరూ ఎక్కిన ఆ గంటలోనే కట్ట ఎడమ కొసన బుంగ పడి గండిగా మారింది. మనుషులు దక్కారు. బర్రెలు కొన్ని పోయాయి, కోళ్లూ మేకలూ పోయాయి, పల్లంలోని ఇళ్లలో సగానికి గోడలు కూలాయి. మామ ఇల్లు ఆ సగంలోనే ఉంది.

జీపు బడి దగ్గర ఆగినప్పుడు వాన సన్నబడింది. వరండా నిండా జనం, తడి బట్టల వాసన, పసిపిల్లల ఏడుపు. అత్త నన్ను చూసి గుంపులోంచి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది.

"నీకు చెప్పిన గద కొడకా, నీళ్లు నిండుకున్నయని. మంచిదే అంటివి. వద్దంటే ఆ రోజే తలుపెత్తిస్తుండె గద మీ మామ."

ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమైపోయింది, ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మా అధికారి కేక వేస్తే కట్ట మీదికి వెళ్లాను.

గండికి ఇవతల మామ నిలబడి ఉన్నాడు, నడుం దాకా బురద, అరచేతులు చక్రం తిప్పి తిప్పి పగిలి ఉన్నాయి. మా అధికారి నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, తడవకుండా నన్ను గొడుగు పట్టమని, అందరూ వినేట్టు చదివాడు. నీరు లేదు. తలుపు పూర్తిగా ఎత్తి ఉన్నది. ఆయన మంచివాడే, అన్యాయం చేయాలని చూసిన మనిషి కాదు. కాగితం ఏం చెబితే అది నమ్మాడు. మా ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి చూసి వెళ్లాక మూశావన్నమాట, ఎవరు చెప్పారయ్యా నీకు మూయమని, అని అడిగాడు.

మామ నా వైపు చూశాడు. ఆయనకు చదువు రాదు, కానీ చదివింది విన్నాడు. నేను ఆ వారం కట్ట మొహం చూడలేదని ఆయనకు తెలుసు, కట్ట మీద ఎవరు నడిచారో ఎలుకతో సహా తెలిసిన మనిషి. ఎంతసేపు చూశాడో చెప్పలేను, గొడుగు మీద పదో పదిహేనో చినుకులు పడి ఉంటాయి. ఆ తర్వాత చూపు తిప్పుకున్నాడు.

"ఎవలు చెప్పలే సారూ. నేనే మూసిన."

ఊరి పెద్దమనుషులు ఎక్కడివాళ్లక్కడ తలలు వంచుకుని ఉన్నారు. వాళ్లలో ఒక్కరు నోరు విప్పినా, వెనక నేను విప్పేవాణ్ణేమో. ఇది సాకు అని నాకు తెలుసు. నాకు ఉద్యోగం కొత్త, ఇంట్లో పెళ్లి కాని చెల్లెళ్లు, అబద్ధపు సంతకానికి ఏమవుతుందో తెలిసిన భయం. ఇవన్నీ నిజాలే, ఇవన్నీ సాకులే. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

వారం తిరగకముందే మామను పనిలోంచి తీసేశారు. గండిని మళ్లీ పూడ్చారు, తలుపును ఎవరూ దించకుండా ఎత్తిన చోటే బోల్టులు బిగించేశారు, కాపలా మనిషి అవసరమే లేకుండా పోయింది. మామ కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసే పనికి చేరాడు, యాభై దాటిన నడుముతో. నా ఆఫీసుకూ మార్కెట్‌కూ మధ్య రెండు వీధులే. కొన్నాళ్లు నేను ఆ వీధి మార్చి నడిచాను. ఒకరోజు ఆయనే ఎదురుపడి, తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ, "ఏందల్లుడా, జర సన్నబడ్డవ్, తింటలేవా" అని నన్ను హోటలుకు తీసుకుపోయి చాయ తాగించాడు. నా పెళ్లికి వచ్చాడు, పందిరి గుంజలు ఆయనే పాతాడు. కట్ట మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. వస్తుందని ప్రతిసారీ భయపడేవాణ్ణి, రాకపోతే తేలికపడేవాణ్ణి, ఆ తేలికతనానికి సిగ్గుపడేవాణ్ణి. అలాగే ఏళ్లు గడిచాయి. ఆయన పోయినప్పుడు నేను బదిలీ మీద వేరే చోట ఉన్నాను, దినాలకు వెళ్లాను.

ఆ తర్వాత రెండేళ్లకు కావచ్చు, ఏదో పని మీద అటువైపు పోయి అత్త ఇంట్లో భోజనానికి ఆగాను. చూపు మందగించింది గానీ మాట గట్టిగానే ఉంది. కోడలు నాకు వడ్డిస్తుండగా పక్కింటామె గిన్నె పట్టుకుని బియ్యం బదులు అడగడానికి వచ్చింది. అత్త అరుగు మీది నుంచే, మా ఇంట్ల బియ్యం ఒడిసినయి, లేవు, అంది. లేదనే మాట చచ్చినా అనని మనిషి. కోడలు నొచ్చుకుని, గిట్లనే అంటది అన్నా, నూనె ఒడిసింది, పప్పు లేదు, అని మొహం మీదనే అంటది, ఇల్లు అచ్చిరాదని ఎంత చెప్పినా ఇనది, ఆ వరదొచ్చిన ఏటి నుంచి గిదే వరుస అని మామయ్య కూడ అంటుండె, అని నాకు ఫిర్యాదు చేసింది.

అత్త నేను కూర్చున్న దిక్కుకు మొహం తిప్పింది.

"సాఫ్‌గ చెప్పాలె బిడ్డా. నా నోటి మాట సక్కగ లేకనే గద, నువ్వు ఇంకో తీరుగ ఇంటివి, ఊరు మునిగె, మీ మామ పని పాయె. నాదే తప్పు."

మామ ఆమెకు అంతే చెప్పాడన్నమాట. అల్లుడు మాటను పొరపాటున విన్నాడని చెప్పాడు, రాకుండానే వచ్చినట్టు రాశాడని చెప్పలేదు. ఆమె ఇన్నేళ్లూ ఊరు మునగడానికి తన నాలుకే కారణమనుకుని, తల్లి దగ్గర నేర్చుకున్న మాటను విడిచిపెట్టి, ఇరుగుపొరుగు చేత అపశకునం మనిషి అనిపించుకుంది. తప్పు నీ మాటది కాదత్తా, నేను సైకిలెక్కి వచ్చి చూస్తే సరిపోయేది, అని అనడానికి అంతకన్నా మంచి సమయం రాదు. వాకిట్లో పక్కింటామె ఉంది, కోడలు గరిటె పట్టుకుని ఉంది. చేయి కడుక్కున్నాక చెబుదామనుకున్నాను. చేయి కడుక్కున్నాను, బస్సు వేళ అయింది, వెళ్లొస్తానని చెప్పి వచ్చేశాను. మరుసటి ఎండాకాలం ఆమె పోయింది.

ఇప్పుడు చెరువుల నీటిమట్టం ఫోటోలు తీసి ఫోన్లో పంపుతున్నారట. అంగట్లో అత్తను ఆపి అడగాల్సిన పని ఎవరికీ లేదు. ఆడపిల్లలు కూడా బియ్యం అయిపోతే అయిపోయాయనే అంటున్నారు, ఎవరూ ఉలిక్కిపడటం లేదు, ఇళ్లకు ఏ కీడూ జరగడం లేదు. ఇది మంచికే. నా ఈడు వాళ్లం నలుగురం కూర్చుంటే, కాలం చెడిందని, మనుషుల్లో వెనకటి నీతి లేదని మాట్లాడుకుంటాం. ఈ మధ్య ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నేను ఊరుకుంటున్నాను. ఆ వానలో గొడుగు కింద నిలబడి నోరు మూసుకున్నవాడు ఈ కాలపు పిల్లవాడు కాదు, వెనకటి కాలపు మనిషే, నేనే. ఒక్క మాటతో అత్త మోసిన తప్పును ఆమె మీది నుంచి దించగలిగేవాణ్ణి. ఆ మాట ఆమెకు చెప్పకుండా అన్నం తిని వచ్చాను.